రెండు కుందేళ్ళు, ఒకే గూడు: గోదావరి ఉక్కలో జత కుదర్చడం ఎలా

ఒంటరి కుందేలుకు తోడు తేవాలనుకోవడం మంచి ఆలోచనే. అది గుంపులో బతికే ప్రాణి. మనం ఎంత ముద్దు చేసినా తెల్లవారుజామున లేచి దాని చెవులు నాకి శుభ్రం చేయలేం కదా. తేవడంలో తప్పు లేదు, తెచ్చిన రోజు చేసే పనిలోనే తప్పుంది. కొత్తదాన్ని బుట్టలో పట్టుకొచ్చి నేరుగా పాతదాని గూట్లో దింపుతారు. పది నిమిషాల్లో గూడంతా బొచ్చు, ఒకదాని చెవి చిరిగి రక్తం. "రెండూ మంచివేనండి, ఎందుకో పడటం లేదు" అంటారు. పడకపోవడానికి కారణం వాటి గుణం కాదు, ఆ గూడు.

మీ కుందేలును ఒక పావుగంట ఊరికే చూడండి. నీళ్ళ గిన్నె అంచుకు గడ్డం రాస్తుంది, తలుపు మూలకు రాస్తుంది, గుమ్మం దగ్గర విడిచిన మీ చెప్పునూ వదలదు. గడ్డం కింద వాసన గ్రంథి ఉంటుంది. మన ముక్కుకు అందని ఆ వాసనతో అది ప్రతి వస్తువునూ తన పేర రాయించుకుంటుంది. అలా పట్టా పాసుపుస్తకం తీసుకున్న చోటికి ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఊరుకోదు. జత కుదిర్చే పనిలో ముప్పాతిక వంతు ఈ వాసన సంగతే. రెండూ ఎదురుపడేది చివర్లో.

కాలం చూసుకోండి

కుందేలుకు 16 నుంచి 22 డిగ్రీలు హాయి. 30 దాటితే ఆయాసపడుతుంది. దానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఒక కుందేలును బతికించుకోవడమే పని, రెండింటికి పోట్లాట పెట్టడం దేనికి? వర్షాకాలంలో ఇంకో చిక్కు. ఈగలు ఎక్కువ. చిన్న గాటు మీద ఈగ గుడ్లు పెట్టిందంటే ఒక్కరోజులో పురుగులు పడతాయి.

మన దగ్గర సరైన సమయం దీపావళి టపాకాయల మోత అయ్యాక, కార్తీకంలో మొదలుపెట్టి సంక్రాంతిలోపు ముగించడం. పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ గాయం మాని, ఒంట్లో ఉద్రేకం తగ్గడానికి 6 వారాలు పడుతుంది కాబట్టి డాక్టరు పని సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పూర్తి చేయాలి. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో జత కుదిర్చే పనిలో ఏ కొత్త మెట్టూ ఎక్కకండి. కరెంటు పోయి, గాలికి తలుపులు కొట్టుకునే రాత్రి కుందేళ్ళు బెదిరిపోతాయి. బెదిరిన కుందేలు పక్కనున్నదాన్ని కరుస్తుంది.

ఏది మగది, ఏది ఆడది

సంతలో అడిగితే "ఆయ్, జతేనండి, ఒకటి మగ, ఒకటి ఆడ" అంటారు. ఆ మాట నమ్మి ఇంటికి వచ్చేయకండి. నెల రోజుల పిల్లల్లో తేడా పట్టడం అలవాటున్న చేతికీ కష్టమే. 10, 12 వారాలు వచ్చాక తెలుస్తుంది. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, నడుముకు ఆసరా ఇచ్చి, తోక దగ్గర రెండు వేళ్ళతో మెల్లగా నొక్కండి. గుండ్రంగా గొట్టంలా పొడుచుకొస్తే మగది, నిలువు చీలికలా కనిపిస్తే ఆడది. అనుమానముంటే పశువుల ఆసుపత్రిలో చూపించండి.

బాగా కుదిరే జత ఆపరేషన్ అయిన మగది, ఆపరేషన్ అయిన ఆడది. రెండు ఆడవి కుదరవచ్చు, ఓపిక కావాలి. రెండు మగవి అన్నిటికన్నా కష్టం. ఒకే కాన్పు అన్నదమ్ములైనా 3, 4 నెలలు రాగానే ఒకదాని వృషణాలు ఇంకొకటి కొరికేదాకా పోతాయి. అప్పటిదాకా కలిసి పడుకున్నవే కాబట్టి యజమాని నమ్మలేడు.

ఆపరేషన్ లేకుండా ఆడ, మగ కలిపితే లెక్క సులువు: 30 నుంచి 32 రోజుల్లో పిల్లలు. ఈనిన రోజునే మళ్ళీ చూలు కట్టగలదు. మగదానికి విత్తులు దిగాక, అంటే మూడున్నర, 4 నెలలకు ఆపరేషన్ చేయించవచ్చు. ఆడదానికి 5, 6 నెలలు రావాలి. మగదానికి ఆపరేషన్ అయినా 6 వారాల వరకు పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది, కాబట్టి అన్నాళ్ళూ ఆడదానికి దూరంగా ఉంచాలి. ఆడదాని ఆపరేషన్ పెద్దది, అందరు డాక్టర్లూ చేయరు. అలాగని వదిలేస్తే వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. "కుందేలుకు మత్తిచ్చి ఆపరేషన్ చేశారా అండి?" అని ముందే అడగడానికి మొహమాటపడకండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే గన్నవరం పశువైద్య కళాశాలకు ముందుగా ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

కుక్కకు, పిల్లికి చేసినట్టు ఆపరేషన్ ముందు రాత్రి పస్తు పెట్టకూడదు. కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా పేగు ఖాళీ అయితే కదలిక ఆగిపోతుంది. గడ్డి చివరిదాకా అందుబాటులో ఉండాలి. "ఏమీ పెట్టకుండా తీసుకురండి" అని ఎవరైనా చెబితే, ఆ చేతికి కుందేలు అలవాటు లేదని అర్థం.

పొలం గట్టున దొరికిన చెవులపిల్లిని తెచ్చి జత కడదామనుకునేవాళ్ళూ ఉన్నారు. చెవులపిల్లి వేరే జాతి, పెంపుడు కుందేలుతో కలవదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి వర్తిస్తుంది కాబట్టి ఇంట్లో పెట్టుకోవడం నేరం కూడా. గినీపంది కూడా తోడు కాదు. కుందేలు వెనక కాళ్ళతో ఒక్క తన్ను తంతే దాని పని అయిపోతుంది.

కొత్తది వేరే గదిలో, 2 వారాలు

తెచ్చిన రోజు నుంచి 14 రోజులు వేరే గది, వేరే గిన్నెలు. పాతదాని పని ముగించుకున్నాకే కొత్తదాని దగ్గరికి వెళ్ళండి, వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ 2 వారాల్లో చూడాల్సినవి: చెవి లోపల గోధుమరంగు పొక్కు పొరలుగా కట్టిందా (చెవి గజ్జి), ముక్కు మీద, గోళ్ళ చుట్టూ తెల్లటి పొలుసులున్నాయా (ఒంటి గజ్జి), ముక్కు కారుతూ ముందు కాళ్ళ లోపలి బొచ్చు అట్ట కట్టిందా, పెంటికలు గట్టిగా గుండ్రంగా ఉన్నాయా లేక పారుతోందా. ముక్కు కారే కుందేలు ముఖం తుడుచుకుంటూనే ఉంటుంది కాబట్టి ముక్కుకన్నా ముందు ముంజేతులే దొరికిపోతాయి. వాటిని తిప్పి చూడండి.

గజ్జికి డాక్టరు తూకం చూసి ఐవర్‌మెక్టిన్ ఇస్తారు. పేలకు, పిడుదులకు కుక్క మెడ మీద వేసే ఫిప్రోనిల్ మాత్రం కుందేలు మీద ఒక్క చుక్క పడకూడదు, ప్రాణం పోవచ్చు. వరిలో కాండం తొలిచే పురుగుకు వాడేదీ ఆ మందే. అందుకే చేలగట్ల గరిక కోసేముందు ఆ చేలో ఏం చల్లారో అడగండి, కడియం నర్సరీల దగ్గర ఆకు కోసుకొచ్చినా అదే జాగ్రత్త. ఇంట్లో పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ (యాంటీబయాటిక్ మందు) కూడా నోట్లో పోయకండి. అది పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపి, విరేచనాలతో ప్రాణం తీస్తుంది.

జంట జాలీ

రెండింటికీ పక్కపక్కనే గూళ్ళు. మధ్యలో ఒక్క జాలీ చాలదు. ఒకటి ముక్కు పెడితే ఇంకొకటి కొరికేస్తుంది. వెల్డ్‌మెష్ జాలీలు రెండు, మధ్యలో 2 అంగుళాల ఖాళీ వదిలి చట్రానికి బిగించండి. జాలీ కన్ను అర అంగుళం నుంచి అంగుళం లోపు ఉండాలి. పెరట్లోనో వసారాలోనో పెడితే బయటి వైపులకు అర అంగుళం కన్నే వాడండి. పందికొక్కు అంతకన్నా పెద్ద సందులో మూతి పెడుతుంది, పాము దూరుతుంది. ప్లాస్టిక్ బుట్ట పందికొక్కుకు ఒక రాత్రి పని.

అడుగు జాలీగా ఉంటే మడమల కింద బొచ్చు అరిగి పుండవుతుంది. చెక్క పరిచి, మీద ఎండుగడ్డి మందంగా వేయండి. వరి ఊక చౌకే గానీ దుమ్ము కళ్ళలో, ముక్కులో పడుతుంది. దాన్ని కోళ్ళకు వదిలేయండి. ఒక మూల కడప బండ ముక్క పెడితే మధ్యాహ్నం దాని మీదే పొట్ట ఆనించి పడుకుంటాయి.

జత కుదిరాక రెండూ ఉండాల్సిన గూడు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. 2 కిలోల కుందేళ్ళు రెండింటికి 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు తక్కువలో తక్కువ. ఎత్తు వెనక కాళ్ళ మీద నిలబడితే చెవులు పైకప్పుకు తగలనంత. బజారులో దొరికే 2 అడుగుల కేజ్ రెండు కుందేళ్ళకు ఇల్లు కాదు, ఆసుపత్రికి మోసుకెళ్ళడానికి పనికొస్తుంది.

వాసన మార్పిడి

జాలీ పక్కన చేరిన మొదటి 3 రోజులు ఏమీ చేయకండి. గుర్రుమంటాయి, జాలీ మీదికి దూకుతాయి, కాళ్ళతో నేల కొడతాయి. చూసీ చూడనట్టు ఉండండి.

నాలుగో రోజు నుంచి ఒక పాత నూలు గుడ్డ తీసుకుని ఒకదాని గడ్డం కింద, బుగ్గల మీద రుద్ది రెండోదాని గడ్డి పక్కన పెట్టండి. దాని గుడ్డ దీనికి. తర్వాత ఉచ్చ పోసే ట్రేలు మార్చండి. ఆ తర్వాత కుందేళ్ళనే మార్చండి: ఒక రోజు ఇది ఆ గూట్లో, అది ఈ గూట్లో. మొదటిసారి మార్చినప్పుడు గూడంతా మూత్రం చిమ్మి, పెంటికలు చల్లి నానా యాగీ చేస్తాయి. కడగకండి. ఆ గలీజే మనకు కావాల్సింది. నాలుగైదు మార్పుల తర్వాత చల్లడం తగ్గిపోతే, "ఇది నాదీ కాదు, నీదీ కాదు" అన్న లెక్కకు వచ్చినట్టు.

మేత కూడా ఈ పనికే వాడాలి. కొత్తిమీర కట్టను రెండుగా చీల్చి, జాలీకి అటూ ఇటూ 2 అడుగుల దూరంలో పెట్టండి. రోజుకు ఒక జానెడు దగ్గరికి జరపండి. జాలీ పక్కనే మూతికి మూతి ఎదురుగా పెట్టుకుని తలెత్తకుండా నములుతున్నాయంటే తర్వాతి మెట్టుకు సిద్ధం. ఇందుకు 2 వారాలు పట్టవచ్చు, నెలా పట్టవచ్చు.

ఈ రోజుల్లో కొత్త మేతలు మొదలుపెట్టకండి. కడుపులో అధిక భాగం ఎండుగడ్డి, గరికే ఉండాలి. వరిగడ్డిలో బలం తక్కువ, పరుపుకు సరే గానీ అదొక్కటే మేత కాదు. మాగాణిలో వరి కోతల తర్వాత దొరికే పిల్లిపెసర అంటే ఇష్టంగా తింటాయి కానీ అది పప్పుజాతి, పెద్ద కుందేలుకు గుప్పెడు చాలు. పెల్లెట్లు (గుళికల దాణా) 2 కిలోల కుందేలుకు రోజుకు 50 గ్రాములు దాటకూడదు. ముసురు రోజుల్లో గడ్డి ముక్కిపోయి బూజు పడుతుంది. ముక్కిన వాసనొచ్చిన గడ్డి పేడదిబ్బకే.

కొత్త నేల మీద ఎదురుపడటం

రెండూ ఎన్నడూ కాలు పెట్టని చోటు కావాలి. వాడని స్నానాలగది, అతిథుల గది మూల, పక్కింటి వసారా అయినా సరే. మేడ మీద వద్దు: ఎండ, గద్దలు, పిట్టగోడ. నాలుగైదు అడుగుల చదరం చాలు. పెద్ద హాలు ఇస్తే తరుముకుంటూ వేగం పుంజుకుంటాయి. మరీ ఇరుకైతే పారిపోవడానికి చోటుండదు. టైల్స్ మీద కాళ్ళు జారితే భయపడతాయి, పాత దుప్పటి పరవండి. గడ్డి రెండు చోట్ల, నీళ్ళు రెండు గిన్నెల్లో. దాక్కోవడానికి అట్టపెట్టె పెడితే రెండు వైపులా కన్నాలు కోయండి. ఒకే కన్నం ఉన్న పెట్టెలో ఇరుక్కున్నది చావుదెబ్బలు తింటుంది.

ముందు రోజు గోళ్ళు కత్తిరించండి. మందపాటి చేతి తొడుగులు వేసుకోండి. పక్కన ఒక తువ్వాలు, ఒక చేట పెట్టుకుని కింద కూర్చోండి. కుందేళ్ళ చురుకుదనం తెల్లవారుజామున, సందెవేళ. అందుకే మొదటి కలయికకు పగలు 11 నుంచి 3 మధ్య, కునికిపాట్లు పడే వేళ ఎంచుకోండి.

మొదటి రోజు 10 నిమిషాలు. అంతా బాగుందని పొడిగించకండి, బాగున్నప్పుడే ఆపేయాలి. రోజుకు రెండుసార్లు, ప్రతి రోజూ 5 నిమిషాలు కలుపుతూ పొండి.

ఏది మామూలో, ఏది ప్రమాదమో తెలియకే చాలామంది తొందరపడి విడదీస్తారు, లేదా ఆలస్యంగా విడదీస్తారు. ఒకటి రెండోదాని మీద ఎక్కడం కామం కాదు, పెత్తనం తేల్చుకోవడం. అర నిమిషం ఎక్కనిచ్చి మెల్లగా దింపండి. తలవైపు నుంచి ఎక్కితే మాత్రం వెంటనే దింపాలి, కింద ఉన్నది మర్మాంగం కొరికితే కోలుకోవడం కష్టం. రెండు మూడు అడుగులు తరిమి ఆగిపోతే పరవాలేదు. కాస్త బొచ్చు పీకినా పరవాలేదు. ఒకదానికొకటి వీపు పెట్టి ఒళ్ళు దువ్వుకుంటున్నా, పట్టించుకోకుండా గడ్డి తింటున్నా అది మంచి శకునం. ఒకటి తల నేలకు ఆనించి రెండోదాని మూతి కిందికి తోస్తే, "నా తల నాకు" అని అడుగుతున్నట్టు. రెండూ అలాగే తల దించి మొండికేసి నిమిషాల తరబడి కూర్చుంటాయి ఒక్కోసారి, ముందు ఎవరు నాకాలన్న పంతం. అప్పుడు రెండు తలలనూ మీ చేత్తో నిమరండి. ఎవరు నిమిరిందీ వాటికి తెలియదు.

ప్రమాదం ఇలా ఉంటుంది: చెవులు వీపుకు అంటుకుంటాయి, తోక నిటారుగా లేస్తుంది, మెడ సాగుతుంది, గొంతులో గుర్రు. ఆ తర్వాత ఒకదాని తోక వెనక ఇంకొకటి గిరగిరా తిరగడం మొదలవుతుంది. ఆ సుడి మొదలైతే మూడో చుట్టుకు రెండూ బంతిలా కలబడతాయి. అంతదాకా చూస్తూ కూర్చోకుండా, తోక లేవగానే చేట నిలువుగా మధ్యలో దింపండి. ఒకదానికొకటి కనిపించకపోతే ఆవేశం సగం తగ్గుతుంది. కలబడ్డాక వట్టి చేయి పెట్టొద్దు, కుందేలు పంటికి వేలు ఎముకదాకా తెగుతుంది. తువ్వాలు రెండింటి మీదా వేసి, ఒకదాన్ని పిర్రలు పట్టి పక్కకు లాగండి. నీళ్ళు మాత్రం చల్లకండి. తడిసిన కుందేలు ఇంకా బెదురుతుంది, చెవిలో నీరు చేరితే అదొక రోగం.

విడదీశాక బొచ్చు పాయలు తీసి చర్మం చూడండి. కనురెప్పలు, పెదవి, చెవి అంచు, మర్మాంగం, పిర్రలు. పైకి రక్తం లేకపోయినా పంటి గాటు బొచ్చు కింద మూసుకుపోయి, నాలుగైదు రోజులకు చీముగడ్డ అవుతుంది. రోజూ అదే చోట తడిమి చూడండి. రక్తం వచ్చిన పోట్లాట తర్వాత 2 వారాలు జాలీకి తిరిగి వెళ్ళాలి, మళ్ళీ గుడ్డల దగ్గర మొదలుపెట్టాలి, ఎదురుపడే చోటు కూడా మార్చాలి.

రెండింటినీ ఒకే బుట్టలో పెట్టి బండి మీద ఊరంతా తిప్పితే కలిసిపోతాయనే చిట్కా ఒకటి తిరుగుతోంది. భయంతో అతుక్కుంటాయి, నిజమే. భయం తీరగానే మళ్ళీ మొదటికొస్తాయి, ఈలోగా బెదురుకు తిండి మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఈ రోజుల్లో వంటింటి త్రాసు మీద రోజూ తూకం వేయండి, పెంటికలు ఎన్ని, ఎంత లావున ఉన్నాయో చూడండి. 12 గంటలు మేత ముట్టలేదంటే, పెంటికలు ఆగిపోయాయంటే, అది రేపటి పని కాదు, అప్పుడే డాక్టరు దగ్గరికి.

గూట్లోకి

కలయిక 2 గంటల దాకా గొడవ లేకుండా సాగితే పూటంతా ఉంచండి. నాలుగు పూటలు బాగుంటే ఆ కొత్త చోటులోనే రాత్రి ఉంచి, మీరూ అదే గదిలో పడుకోండి. ఇలా 48 గంటలు కలిసి తిని, కలిసి పడుకుంటే గూట్లోకి మార్చవచ్చు.

ఆ గూడు ఏ ఒక్కదానికీ చెందినదిగా ఉండకూడదు. తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి మొత్తం తుడవండి, మూత్రపు తెల్ల పొర దాంతోనే వదులుతుంది. చెక్క మాత్రం వాసన వదలదు, పలకలు కొత్తవి వేయండి. గిన్నెలు, ట్రే, పెట్టె ఇదివరకున్న చోట కాక వేరే మూలల్లో అమర్చండి. అవి అప్పటిదాకా కలిసి ఉన్న దుప్పటి తెచ్చి ఒక మూల పడేయండి, ఆ ఉమ్మడి వాసన పనికొస్తుంది. ట్రేలు రెండు పెట్టండి. మొదటి వారం తరుములాట కాస్త తిరగబెడుతుంది. రక్తం రానంతవరకు విడదీయకండి. ప్రతి చిన్నదానికీ విడదీసి మళ్ళీ కలిపితే పెత్తనం లెక్క ప్రతిసారీ మొదటినుంచి తేల్చుకోవాలి వాటికి.

మూడుసార్లు రక్తం వచ్చిందంటే ఇక బలవంతం వద్దు. జంట జాలీకి అటొకటి, ఇటొకటి జాలీకి ఆనుకుని పడుకుంటాయి. దాన్ని తోడు కాదనలేం.

జత కుదిరాక వేసవి వస్తుంది. మన ఉక్కలో గోనెసంచి తడిపి కప్పితే లాభం తక్కువ, గాలిలో ముందే తేమ ఉంటుంది కాబట్టి తడి ఆరదు, చల్లదనం రాదు. ఫ్యాను ఉంటేనే దానితో పని. సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి గూట్లో పడుకోబెట్టండి, రెండు కుందేళ్ళకు రెండు సీసాలు. ఒక్కటే పెడితే దాని కోసం పాత పగలు బయటికొస్తాయి. నోరు తెరిచి శ్వాస తీస్తూ, చొల్లు కారుస్తూ, చెవులు ఎర్రగా కాలిపోతుంటే అది వడదెబ్బ. చెవులను మామూలు నీళ్ళతో తడుపుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి, ఐసు నీళ్ళలో ముంచొద్దు.

ఆసుపత్రికి ఒకదానికే పని పడ్డా రెండింటినీ తీసుకెళ్ళండి. ఒంటరిగా వెళ్ళినది మందుల వాసనతో తిరిగొస్తే ఇంట్లో ఉన్నది గుర్తుపట్టక కరుస్తుంది. రాత్రి ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తే ఇంట్లోదాని గడ్డి గుప్పెడు, దాని గుడ్డ ముక్క అక్కడ పెట్టించండి. తిరిగొచ్చాక ఒక గంట జాలీకి అవతల ఉంచి, కొత్తిమీర అటూ ఇటూ పెట్టి, అప్పుడు కలపండి.